పిల్లి గడప లోపలా, గడప బయటా?

సార్వా నాట్లు పూర్తయి చేల గట్ల మీద ఎలుకల బొరియలు కనిపించడం మొదలయ్యే సరికి గోదావరి డెల్టా గ్రామాల్లో ఏటా ఒక రకం తగువు తప్పడం లేదు. చేలో ఎలుకల మందు పెట్టిన వారం రోజుల్లో ఎవరింటి పిల్లో గడ్డివామి పక్కనో, కాలువగట్టు మీదో చచ్చి పడి ఉంటుంది. పెంచుకున్నవారు మందు పెట్టిన రైతు ఇంటి మీదికి వెళతారు. పిల్లిని ఇంట్లో ఉంచుకోక ఊరి మీద ఎందుకు వదిలారని ఆ రైతు ఎదురు అడుగుతాడు. ఇంట్లో కట్టేసుకుంటే ఎలుకల్ని ఎవరు పడతారని వీరు అంటారు. నలుగురూ కలగజేసుకుని ఇద్దరినీ పంపేస్తారు. మళ్ళీ ఏడాది ఇదే పంచాయితీ.

పిల్లి ఎక్కడుండాలన్నది చూడడానికి చిన్న విషయమే. కానీ దీనితో చేలో మందుకూ, ఇంట్లో గింజకూ, పక్కింటి కోడిపిల్లలకూ, పసిపిల్లల ఒంటిమీది గీరుకూ ముడి ఉంది. పశువుల్ని ఎక్కడ కట్టాలో, కోళ్ళను ఎక్కడ మూయాలో ప్రతి ఇంటికీ ఒక పద్ధతి ఉంది. పిల్లికి మాత్రం లేదు. అది తన దారిన తాను తిరుగుతుందని వదిలేయడమే పద్ధతయింది.

పురులు పోయాయి, ఎలుకలు పోలేదు

వెనకటి రోజుల్లో పిల్లి కొలువు ఏమిటో అందరికీ తెలుసు. వాకిట్లో ధాన్యం పురి, లోపల గాదె, అటక మీద విత్తనాలు, కొట్టులో అపరాలు. పంట ఇంటికి వచ్చిన రోజు నుంచి మళ్ళీ పంట వచ్చేదాకా గింజకు కాపలా పిల్లే. అందుకే పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని పెద్దలు భయపెట్టారు. అది ఏ శాస్త్రంలో ఉందో గాని, గింజ దాచుకునే ఇంటికి పనికివచ్చే భయమే.

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాక ధాన్యం కళ్ళం నుంచే లారీ ఎక్కి వెళ్ళిపోతోంది. పురి కట్టడం తెలిసిన చేతులు ఊరికి ఒకరిద్దరున్నా గొప్పే. పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు లేచాయి. అయినా ఎలుకలు తగ్గలేదు. బియ్యం బస్తా, తవుడు, చిట్టు, కొబ్బరి రాశి, పశువుల కొట్టంలో దాణా వాటికి చాలు. మోటారు సైకిలు వైర్లూ, నీటి మోటారు వైర్లూ కొరికేవి వేరే. కొబ్బరి చెట్టు మొవ్వులో కాపురం పెట్టి లేత కాయలకు కన్నాలు పెట్టేవి మరీ వేరే.

వీటన్నిటికీ పిల్లే మందని అనుకోవడం కూడా సరికాదు. ఇళ్ళల్లో తిరిగే చుంచులనూ, చిన్న ఎలుకలనూ, ఎలుక పిల్లలనూ పిల్లి బాగా పడుతుంది. పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. కిలో బరువు దాకా పెరిగి, తిరగబడి కరిచే జంతువుతో అది ఎందుకు పెట్టుకుంటుంది? అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఎలుకలు కాపురమున్న ఒక చోట కెమెరాలు పెట్టి కొందరు పరిశోధకులు చూశారు. ఫలితం 2018లో వెలువడింది. చుట్టూ పిల్లులు తిరుగుతున్నా 79 రోజుల్లో అవి చంపినట్లు కెమెరాలకు చిక్కిన పెద్ద ఎలుకలు రెండే. పిల్లి వాసనకు ఎలుకలు బయటకు రావడం మాత్రం తగ్గిందట. కనుక పిల్లిని చేలోకి తోలితే చేను బాగుపడుతుందన్న ఆశ వద్దు. పిల్లికి తగిన చోటు ఇల్లు, కొట్టు, పశువుల పాక. చేను కాదు.

అన్నం పెడితే ఎలుకల్ని పట్టదని పిల్లిని మాడ్చే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఇది పొరపాటు. వేట దాని పుట్టు గుణం, కడుపు నిండినా వేటాడుతుంది. కడుపు మాడిన పిల్లి చేసే పని ఒకటే, నాలుగిళ్ళు తిరిగి దొరికింది తినడం. ఆ తిరుగుడులోనే దానికి మందు తిన్న ఎలుక దొరుకుతుంది.

తలకిందులైన అలవాటు

మన ఇళ్ళల్లో జరుగుతున్నది చూడండి. పగలంతా పిల్లి వంటింటి గడప దగ్గరో, మంచం కిందో ముడుచుకుని నిద్రపోతుంది. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక పాలగిన్నె మీద భయంతో ఇల్లాలు దాన్ని చీపురుతో బయటకు తోలి తలుపు గడియ పెడుతుంది. అంటే ఎలుకలు నిద్రపోయే పగటి వేళ పిల్లి ఇంట్లో, ఎలుకలు తిరిగే రాత్రి వేళ పిల్లి వీధిలో!

రాత్రి వీధిలో ఏముంది? ఊరకుక్కల గుంపులున్నాయి. దీపాల వెలుగుకు కళ్ళు చెదిరి పిల్లి కదలకుండా నిలబడిపోయే రోడ్డుంది. మగపిల్లుల కొట్లాటలున్నాయి, వాటి గాయాలు చీము పట్టి పిల్లులు చస్తున్నాయి. మందు తిని మత్తుగా తూలుతున్న ఎలుకలు చేల నుంచీ, కాలువగట్ల నుంచీ బయటపడేదీ ఆ వేళలోనే.

దీన్ని తిరగేస్తే సరిపోతుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పిల్లిని లోపలికి తెచ్చుకోవాలి. తెల్లవారాక వదిలేయాలి. రాత్రి పిల్లి లోపలుంటే ఇంటి ఎలుకల పని అది చూసుకుంటుంది. పగలు వాకిట్లో, పెరట్లో ఎండలో పడుకుంటుంది. కొట్టూ పశువుల పాకా ఉన్నవారు రాత్రి అందులో పెట్టి తలుపు వేసినా మంచిదే.

మరి పాలూ పెరుగూ? పిల్లి లోపలుండగానే పాలకుండ కాపాడుకోవడానికి మన పెద్దలు కనిపెట్టిన సాధనమే ఉట్టి. ఇంట్లో ఉట్టి వేలాడినన్నాళ్ళు పిల్లిని రాత్రి బయటకు తోలవలసిన అవసరం అంతగా లేకపోయింది. ఉట్టి పోయింది, ఆ చోటికి జాలీ బీరువా వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. పాలగిన్నె అందులో పెట్టాక కూడా పిల్లిని తోలడం అలవాటు కొద్దీ జరుగుతున్న పనే.

పట్టణాల్లో కొందరు చేస్తున్నట్టు ఏడాది పొడవునా పిల్లిని గదిలోనే ఉంచడం మన ఊళ్ళకు కుదిరేది కాదు. పొద్దున్నుంచి రాత్రిదాకా తలుపులు తెరిచి ఉండే ఇళ్ళు మనవి. అయితే మందు పెట్టే రోజులు మాత్రం వేరు. ఆ రోజుల్లో పగలూ రాత్రీ కూడా పిల్లి లోపలే ఉండాలి. ఎందుకో రెండు మందుల సంగతి తెలిస్తే అర్థమవుతుంది.

నల్లమందు, నెమ్మది మందు

చేలల్లో ఎక్కువగా వాడే ఎలుకల మందులు రెండు. నల్లగా బూడిదలా ఉండేది జింక్ ఫాస్ఫైడ్. 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు కలిపి ఎర తయారుచేస్తారు. ముందు బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటినే బతికి ఉన్న బొరియలుగా గుర్తించి, ఒకసారి మందు లేని నూకలు అలవాటు చేసి, తర్వాతే మందు ఎర వేస్తారు. ఇది ఎలుక కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. ఎలుక గంటల్లో చస్తుంది. చచ్చిన ఎలుక పొట్టలో కరగని మందు మిగిలే ఉంటుంది. ఆ పొట్టను తిన్న పిల్లికీ, కుక్కకూ ప్రమాదం. దీనికి విరుగుడు మందు లేదు.

రెండోది బ్రోమాడయోలోన్. దీనికి ముందు అలవాటు చేయడం అక్కరలేదు. నూకలూ నూనే కలిపిన ఎరను చిన్న పొట్లాలుగా కట్టి బొరియల్లో వేసి మూసేస్తారు. ప్రభుత్వం సామూహిక ఎలుకల నిర్మూలన కార్యక్రమాలకు ఎక్కువగా ఇస్తున్నది ఇదే. ఇది రక్తం గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది. ఎలుక వెంటనే చావదు. చావడానికి మూడు రోజుల నుంచి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వెంటనే చావకపోవడం రైతుకు మేలు, తోటి ఎలుకలకు అనుమానం రాదు. పిల్లికి మాత్రం అదే చేటు. ఆ నాలుగైదు రోజులూ నీరసించిన ఎలుక పట్టపగలే బయటికి వచ్చి పరుగెత్తలేక కూర్చుంటుంది. అంత సులువైన వేట పిల్లికి మరి ఉండదు. ఒక్క ఎలుకతో పిల్లికి ఏమీ కనపడకపోవచ్చు. వరసగా తింటే మందు దాని ఒంట్లో పేరుకుంటుంది.

ఇది తిన్న పిల్లి మొదట మందకొడిగా మూలన పడుకుంటుంది. చిగుళ్ళు తెల్లగా పాలిపోతాయి. ఆయాసపడుతుంది. ముక్కునుంచో, విరేచనంలోనో రక్తం కనిపిస్తుంది. చాలామంది దీన్ని దిష్టి అనో, పాము కాటనో అనుకుని ఊరుకుంటున్నారు. ఈ మందుకు మాత్రం విరుగుడు ఉంది. దాని పేరు విటమిన్ కె1. పశువైద్యుడి దగ్గరకు వెంటనే తీసుకువెళ్ళి, ఏ మందు పెట్టారో చెప్పి, వీలైతే పొట్లం కూడా చూపిస్తే చాలా పిల్లులు బతుకుతాయి. ఒక్క సూదితో సరిపోదు, కొన్ని వారాలపాటు మందు వాడవలసి ఉంటుంది.

నల్లమందు తిన్న పిల్లి వాంతి చేసుకుంటే దగ్గరగా వంగి చూడవద్దు, గది కిటికీలు తెరవాలి. ఆ వాంతినుంచి వచ్చే వాయువు మనిషికీ చెరుపే. దాని నోట్లో పాలో, నూనో, చింతపండు రసమో పోయడం మన అలవాటు. ఏదీ పోయవద్దు. మరో మాట. జ్వరం వచ్చినట్లుందని పిల్లికి మనుషులు వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ముక్క వేసేవారున్నారు. ఆ ముక్క చాలు పిల్లి చావడానికి.

టముకులో ఒక్క మాట

మందు పెట్టడం తప్పు కాదు. ఎలుకలు విడిచిపెట్టే చేను కాదు, ఒకరు పెట్టి పక్కవారు పెట్టకపోతే ఎలుకలు గట్టు దాటి మళ్ళీ వస్తాయి. అందుకే ఊరంతా ఒకే రోజు పెట్టాలని వ్యవసాయశాఖ వారు చెబుతారు. ఆ రోజు ఏదో ఊళ్ళో టముకు వేయించో, మైకులో చెప్పించో తెలియజేస్తున్నారు కూడా. ఆ చెప్పడంలో రైతులు నూకలు తెచ్చుకోవాలని ఉంటుంది గాని, పిల్లుల్నీ, కోళ్ళనూ, కుక్కల్నీ కట్టుకోవాలన్న మాట ఉండదు. ఆ ఒక్క మాటా చేరిస్తే సగం తగువులు పోతాయి. మందు పెట్టేవారు చెప్పవలసింది అదీ. చెప్పిన తర్వాత కూడా పిల్లిని వదిలితే తప్పు పెంచుకున్నవారిదే.

చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చడం మందు పెట్టినవారి పనే. పెట్టిన మర్నాటి నుంచి వారం పది రోజులపాటు రోజూ ఉదయం చేను చుట్టూ తిరిగి ఏరాలి. చాలామంది ఒక్క రోజుతో మానేస్తున్నారు. గట్టు మీద పడి ఉన్న ఎలుకను పిల్లి తినకపోతే గుడ్లగూబ తింటుంది, గద్ద తింటుంది. అవీ రైతుకు ఎలుకల్ని పట్టిపెట్టేవే.

వెదురు బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారిని పిలిపించుకునే ఊళ్ళల్లో ఈ బాధ లేదు. పట్టిన ఎలుకకు ఇంత అని లెక్క. ఆ ఎలుక పిల్లికి దొరికినా ఏమీ కాదు. కానీ బుట్టలు పెట్టేవారు అన్ని ఊళ్ళకూ, అన్ని రోజులూ దొరకరు.

మందు పెట్టిన రోజు నుంచి రెండు వారాలైనా పిల్లిని లోపల ఉంచడం మంచిది. మెడకు తాడు కట్టి గుంజకు కట్టడం మాత్రం చేయవద్దు. పిల్లి మేక కాదు. గోడ మీదికి దూకబోయి మెడకు ఉరిపడి చచ్చే ప్రమాదముంది. గాలి ఆడే ఒక గది, నీళ్ళ గిన్నె, ఒక తట్టలో నాలుగు వేళ్ళ లోతు పొడి ఇసుక ఉంటే చాలు. మొదటి రెండు రాత్రులు గోల చేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. కూనగా ఉన్నప్పటి నుంచీ రాత్రి లోపల పడుకోవడం అలవాటైన పిల్లికి ఆ గోల కూడా ఉండదు.

ఇసుక తట్టను ఏ రోజుకారోజు శుభ్రం చేయాలి. కొన్ని పిల్లుల మలంలో ఉండే ఒక సూక్ష్మజీవి కడుపులో ఉన్న బిడ్డకు హాని చేస్తుంది. అది అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది కనుక వెంటనే తీసేస్తే భయం తక్కువ. ఆ పని గర్భవతుల చేత చేయించకూడదు. ఇల్లు కట్టడానికి వీధిలో పోసిన ఇసుక గుట్టలు ఊళ్ళోని పిల్లులన్నిటికీ మరుగుదొడ్లేనని గుర్తుంచుకుని, వాటిలో ఆడివచ్చిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి.

కోడిపిల్లలు, తీతువు గుడ్లు

వీధిలో తిరిగే పిల్లి మీద ఆడవారి ఫిర్యాదు వేరుగా ఉంటుంది. పది కోడిపిల్లలు లేస్తే అయిదు పిల్లి పాలు, మిగిలినవి గద్ద పాలు అంటారు. గద్దను ఎవరూ ఏమీ చేయలేరు కనుక కోపమంతా పిల్లి మీదే. పిల్లలు కాస్త పెరిగేదాకా గంప కింద మూసి ఉంచడం పాత ఉపాయమే. పిల్లిని పగలు కడుపు నిండా తిండి పెట్టి ఉంచితే తిరుగుడు తగ్గుతుంది గాని, కోడిపిల్ల రుచి మరిగిన పిల్లి మానడం కష్టం.

చేల గట్ల మీదా, బీడు నేలల్లోనూ నేల మీదే గుడ్లు పెట్టే తీతువు, పూరేడు వంటి పిట్టలకు కూడా పిల్లి శత్రువే. ఇతర దేశాల్లో పిల్లులపై చట్టాలు వచ్చినది ముఖ్యంగా పిట్టల కోసమే. న్యూజిలాండ్ దగ్గర స్టీఫెన్స్ అనే చిన్న దీవిలో 1894లో లైట్‌హౌస్ పెట్టారు. ఆ మనుషులతో పిల్లులు వచ్చాయి. ఎగరలేని ఒక బుల్లి పిట్ట ఆ దీవిలో ఉండేది. లోకానికి దాని సంగతి తెలిసిన కొద్దికాలానికే అది లేకుండా పోయింది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 2022 జులై 1 తర్వాత పుట్టిన పిల్లులను యజమానులు తమ ఆవరణ దాటనివ్వకూడదని నియమం పెట్టారు. అదే ఏడు జర్మనీలోని వాల్‌డార్ఫ్ పట్టణంలో, నేల మీద గూడు పెట్టే ఒక జుట్టుపిట్ట కోసం ఒక ప్రాంతంలోని పిల్లులను ఆగస్టు చివరిదాకా బయటకు వదలవద్దని ఆజ్ఞ వేశారు. వదిలితే 500 యూరోల జరిమానా.

మన దగ్గర అలాంటి చట్టం వస్తుందనీ, రావాలనీ ఎవరూ అనడం లేదు. కానీ పిట్టలు గుడ్లు పెట్టే రోజుల్లో తెల్లవారుజామునా, మునిమాపునా పిల్లి లోపలుంటే వాటికీ మేలే. పిల్లి ఎక్కువగా వేటాడేది ఆ రెండు వేళల్లోనే.

పిల్లి గీరితే ఏమవుతుందిలే అనవద్దు

రేబిస్ అంటే కుక్క కాటు అనే అందరికీ తెలుసు. పిచ్చికుక్క కరిచిన పిల్లికి కూడా ఆ వ్యాధి వస్తుంది. అది మనిషిని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా మనిషికి వస్తుంది. వచ్చాక మందు లేదు. మచ్చికగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి చీకటి మూలల్లో దాక్కోవడం, కారణం లేకుండా మీదపడి కరవడం, గొంతు మారడం, చొంగ కార్చడం, వెనక కాళ్ళు ఈడ్చడం కనపడితే దాన్ని ముట్టుకోకూడదు.

పిల్లి కరిస్తే, గీరితే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. గాయంలో రక్తం వస్తే టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం, డాక్టరును అడగాలి. కరిచిన పిల్లిని పది రోజులు గమనించమంటారు. పది రోజులు చూసి సూది వేయించుకుందామని ఆగడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి సూది వెంటనే పడాలి.

పిల్లికి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించవచ్చు, ఏటా తిరిగి వేయించాలి. ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకు వచ్చే వ్యాధుల దినం సందర్భంగా, పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు ఉచితంగా టీకాలు వేయడం పరిపాటి. 1885లో అదే రోజున ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి మొదటి రేబిస్ టీకా వేయించాడు. ఆ రోజు కుక్కలను తీసుకుని బారులు తీరేవారిలో పిల్లిని తెచ్చేవారు అరుదు. గోనెసంచిలో కాకుండా మూత ఉన్న వెదురు బుట్టలో తీసుకువెళితే అది బెదరదు.

కాలువ అవతల వదిలిన కూనలు

రాత్రి బయట తిరిగే ఆడపిల్లి రెండు నెలలకు కూనలు పెడుతుంది. మోపు కాలం 63 రోజులకు అటూ ఇటూ. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు మూడు నాలుగు కూనలు. ఏడిళ్ళు తిప్పి చివరకు ఎవరో ఒకరి అటక మీద పెడుతుంది. ఆ తర్వాత వాటిని గోనెసంచిలో కట్టి కాలువ అవతల వదిలి రావడం ఊళ్ళల్లో మామూలైపోయింది. తల్లి పాలు మరవని కూన అవతలి గట్టు మీద ఎన్నాళ్ళు బతుకుతుంది? జంతువులను ఇలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని చాలామందికి తెలియదు. తెలిసినా కేసు పెట్టేవారెవరు అన్న ధీమా ఉంది.

పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ అయిన మగపిల్లి తిరుగుడు, కొట్లాట, గోడల మీద మూత్రం చిమ్మడం తగ్గుతాయి. ఎలుకల్ని పట్టడం మానదు. ప్రతి గ్రామ పశువైద్యశాలలోనూ ఈ ఆపరేషన్‌కు వసతి ఉండదు. పెద్ద పట్టణంలోని పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి రావచ్చు. ముందుగా ఊళ్ళోని డాక్టరును అడిగి, ఏ రోజు చేస్తారో తెలుసుకుని, ముందు రాత్రి నుంచి పిల్లికి తిండి ఎప్పుడు ఆపాలో కూడా ఆయననే అడిగి వెళ్ళడం మంచిది. ఆ ముందు రాత్రి పిల్లి ఇంట్లో ఉండాలి. తెల్లవారి బుట్ట పట్టుకుని ఊరంతా వెతికినా దొరకదు.